ఓడకొక గుండుసూది, పెట్టెకొక గుండుసూది

ఆఫీసులో ఆమెను అందరూ ఓడలక్క అనేవారు. విదేశాల నుంచి యంత్రాలు తెప్పించి అమ్మే ఆ కంపెనీలో, సముద్రం మీదున్న సరుకు ఏ రోజు ఎక్కడుందో చెప్పడం ఆమె పని. ఇరవై తొమ్మిదేళ్లు ఆ కుర్చీలోనే కూర్చుంది. ఒక్కసారైనా ఓడ ఎక్కలేదు. ఎవరైనా ఆ మాటతో ఎత్తిపొడిస్తే, "ఒడ్డున కూర్చుని ఓడల్ని తిప్పేదాన్ని, ఎక్కాల్సిన ఖర్మ నాకేమిటి?" అనేది.

ఇప్పుడు సరుకు నింపిన కంటెయినర్ పెట్టె నంబరు కొడితే చాలు, ఏ రేవులో దిగిందో, ఏ ఓడ ఎక్కిందో కంప్యూటర్ తెర మీద కనబడుతుంది. ఆ రోజుల్లో ఆమె కుర్చీ వెనక గోడనిండా ప్రపంచ పటం ఉండేది. పొద్దున్నే వచ్చి, ముందుగా ఓడల కబుర్లు అచ్చయి వచ్చే టెలెక్స్ మిషన్ నుంచి వేలాడే కాగితాన్ని చింపేది. వేడెక్కిన నూనె వాసన వచ్చే కాగితమది. దాన్ని చదివి, షిప్పింగ్ ఏజెంటుకు ఫోన్ చేసి, పటం మీద ఓడకు గుర్తుగా ఉన్న ఎర్ర తల గుండుసూదిని పీకి రెండు వేళ్ల వెడల్పు ముందుకు గుచ్చేది. అది ఓడకు ఒక రోజు ప్రయాణం. అలా గుచ్చి గుచ్చి పటంలోని సముద్రమంతా జల్లెడైపోయింది.

ఆ పటం ముందుకు రోజూ మధ్యాహ్నం స్వెట్టర్లు అల్లించే షెడ్డు నడిపే మాస్టారు ఒకాయన వచ్చేవాడు. పాత అల్లిక యంత్రాలు అరిగిపోతే తీసేసి, ఆ కంపెనీ ద్వారా రెండు కొత్తవి తెప్పించుకుంటున్నాడు. పని నేర్పి తయారుచేసుకున్న పన్నెండు మంది ఆడవాళ్లు షెడ్డులో ఖాళీగా కూర్చున్నారు. ఎదురు వీధి మిల్లువాళ్లు వాళ్లను రమ్మని కబురు మీద కబురు పంపుతున్నారు. యంత్రాలు ఆలస్యమైతే మనుషులు చెదిరిపోతారన్నది ఆయన భయం. "ఆ సూదిని కాస్త గట్టిగా నెట్టమ్మా, తొందరగా వస్తుంది" అని నవ్వేవాడు గాని, కళ్లు మాత్రం పటం మీదే ఉండేవి.

ఎర్ర సూది మన రేవు చేరింది. లారీ తెచ్చుకోమని ఆమె ఫోన్ చేసింది. మాస్టారు షెడ్డు కడిగించి, నలుగురు హమాలీలను వెంటబెట్టుకుని రేవుకు వెళ్లాడు. ఓడ వచ్చింది, యంత్రాలున్న పెట్టె రాలేదు. దారిలో ఒక రేవులో దాన్ని దించేశారట. మరో ఓడ ఎక్కవలసి ఉండగా, అక్కడి యార్డులోనే ఆగిపోయింది.

తప్పెవరిదని నిదానంగా విచారిస్తే, కొంత ఓడ కంపెనీది. పెట్టె దారిలో ఓడ మారుతుందన్న అంత ముఖ్యమైన సంగతిని, వాళ్లు పంపిన ఉత్తరం రెండో పేజీ అడుగున రాశారు. అయితే ఆ ఉత్తరం పదకొండు రోజుల ముందే వచ్చింది. ఓడ చేరే తేదీ మొదటి పేజీలోనే దొరికేసరికి, ఆమె రెండోది తిప్పకుండా ఫైలులో పెట్టేసింది. నేరమంతా ఓడ కంపెనీదేనని మాస్టారుకు ఉత్తరం రాయబోయాడు ఆమె యజమాని. రాస్తే ఆయన నమ్మేవాడే. ఆమె రాయనివ్వలేదు. చెప్పులు తొడుక్కుని తనే షెడ్డుకు నడిచింది.

"మాస్టారూ, నేను ఓడనే చూసుకున్నాను, మీ పెట్టెను చూసుకోలేదు. తప్పు నాది. ఇంకో పద్దెనిమిది రోజులు పడుతుంది."

పన్నెండు మందిలో పెద్దావిడ అందుకుంది. "ఇదీ సూది గుచ్చే చెబుతున్నావా అక్కా?"

"రోజూ వచ్చి ఉన్నదున్నట్టు చెబుతాను. వచ్చిందన్న మాట మాత్రం, నా కళ్లతో చూశాకే."

ఆ సాయంత్రమే పటం మీద, పెట్టె ఆగిపోయిన నడిమి రేవు దగ్గర నీలం తల సూది ఒకటి వెలిసింది. అది పెట్టె సూది. ఆరు రోజులు పెట్టె కదల్లేదు. ఆమె మాత్రం ప్రతి పొద్దునా ఏజెంటును అడిగి, సూదిని పీకి, మళ్లీ అదే చిల్లులో గుచ్చి, షెడ్డుకు వెళ్లి, "ఇవాళా కదల్లేదు" అని చెప్పి వచ్చేది. మొదట్లో ఆమెను చూస్తే మూతులు ముడిచేవారు. నాలుగో రోజుకు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. ముగ్గురు మిల్లుకు వెళ్లిపోయారు, తొమ్మిది మంది ఉండిపోయారు. ఉండిపోయినది ఆమె మాట మీదనో మాస్టారి మీది గౌరవంతోనో చెప్పలేం. రెండూ ఉండవచ్చు.

పంతొమ్మిదో రోజున ఆమె రేవుకు వెళ్లింది. ఎండకు కాలిన ఇనప పెట్టె ముందు నిలబడి దాని నంబరులోని నాలుగు అక్షరాలను, ఏడు అంకెలను వేలు పెట్టి రెండుసార్లు చదివింది. తరువాత గేటు దగ్గరి ఫోన్ అందుకుంది.

"పెట్టె మీద చెయ్యి వేసి చూసి వచ్చాను మాస్టారూ. చెయ్యి ఇంకా మండుతోంది. లారీ తెచ్చుకోండి."

ఆ తరువాత ఆమె ఉన్నన్నాళ్లూ ప్రతి సరుకుకూ రెండేసి సూదులుండేవి. ఇప్పుడా కుర్చీలో ఆమె మేనకోడలు కూర్చుంటోంది. పటం తీసేసి గోడకు రంగు వేయించారు. గోడలోకి దిగిన చిన్న చిల్లులన్నీ పూడిపోయాయి. నీలం సూదిని ఆరు రోజులు పీకి గుచ్చిన ఆ ఒక్క చిల్లు మాత్రం లోతుగా దిగి, సున్నం రాలి, రంగుకు లొంగలేదు. అత్త ఎప్పుడైనా ఆఫీసుకు వస్తే, మేనకోడలి వెనకగా నడిచి, ఆ చోట వేలు ఆనించి, "రెండో పేజీ తిప్పావుటే?" అని అడుగుతుంది.