మంత్రిగారి పేజీలో మా తమ్ముడు

మా ఆయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. అది జీతానికి. జీతం లేని ఉద్యోగం ఇంకోటుంది. ఎవరైనా వచ్చి రాసుకోగలిగే విజ్ఞాన సర్వస్వం ఇంటర్నెట్‌లో ఉంది చూశారూ, అందులో రాజకీయ నాయకుల పేజీలు సరిదిద్దుతాడు. ఒకడొచ్చి మంత్రిని "మహానేత" అని రాస్తాడు, ఈయన "మహా" తీసేస్తాడు. ఇంకొకడు "దొంగ" అని రాస్తాడు, అదీ తీసేస్తాడు. దాంతో వీళ్ళు వాళ్ళ తొత్తంటారు, వాళ్ళు వీళ్ళ తొత్తంటారు. అందరిచేతా తిట్లు తిని అన్నానికొచ్చి కూర్చుంటాడు. పక్కింటివాళ్ళు ఇల్లు అమ్ముతున్నారట అంటే "ఎవరు చెప్పారు? ఎక్కడ రాశారు?" అంటాడు. ఈ మనిషితో కాపురం ఎలా చేస్తున్నానో నాకే తెలియాలి!

మొన్నామధ్య మా మరదలు ఫోన్ చేసింది. మా తమ్ముడి భార్య. తమ్ముడు మార్కెట్ భవనంలో సరుకుల లిఫ్టు నడిపేవాడు. తాడు అరిగిపోయిందని వాడెంత మొత్తుకున్నా అప్పటి మార్కెట్ చైర్మన్ చెవిన పెట్టలేదు. ఓ రోజు లిఫ్టు తెగిపడింది, వాడు పోయాడు. వాడి కూతురికి అప్పటికి సరిగ్గా నడక కూడా రాలేదు. ఆ చైర్మనే ఇప్పుడు మంత్రి.

"వదినా, మంత్రి పేజీలో ఎవరో లిఫ్టు సంగతి రాశారు. పిల్లకి చూపిద్దామనుకునేలోపు మాయమైంది. ఎవరు తీశారో అక్కడే కనబడుతుందట కదా, నొక్కి చూశాను. అన్నయ్య పేరుంది వదినా."

"నేనడుగుతాలే" అన్నాను గానీ అడగలేదు. ముందు ఓ కన్నేసి ఉంచుదామనుకున్నాను. మంత్రి పీఏ షాపుకొచ్చి జోడు చేయించుకున్నాడని ఈ మధ్య ఈయనే చెప్పాడు. వాడు జోడే చేయించుకున్నాడా, ఇంకేమైనా మాట్లాడుకున్నారా? ఆయన స్నానానికెళ్తే చొక్కా జేబులు తడిమాను. ఫోన్ తిరగేశాను. ఇదివరకు పిలిచి మరీ చూపించేవాడు, ఇప్పుడు నేను గదిలోకొస్తే కంప్యూటర్లో పేజీ మార్చేస్తున్నాడు. మనిషి అమ్ముడుపోయాడనే అనుకున్నాను. అనుకోవడానికి సిగ్గేసింది, అయినా అనుకున్నాను.

చివరికి అరికాలి మంట నెత్తికెక్కింది. టీ గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టి, "నా తమ్ముడి చావుకి ఎంత పుచ్చుకున్నారు?" అని అడిగేశాను.

ఆయన కంప్యూటర్లో ఓ పాత పేపరు తెరిచి, "ఆ ప్రమాదం మీద అప్పట్లో వచ్చిన వార్త ఇదొక్కటే" అన్నాడు. లిఫ్టు నడిపేవాడు తాగి ఉన్నాడట! ఒళ్ళు తెలియక మోయలేనంత సరుకు ఎక్కించాడట! దగ్గు మందు వాసనకే వాంతి చేసుకునేవాడు మా తమ్ముడు.

"చైర్మన్ మనుషులు రాయించిన వార్త ఇది" అన్నాడాయన. "కానీ అక్కడ మనకి తెలిసింది చెల్లదు, అచ్చయిందే చెల్లుతుంది. లిఫ్టు మాట ఉంచితే ఎవడో ఆధారం అడుగుతాడు, ఇంకెవడో వెతికి ఇది పట్టుకొస్తాడు. సొంతవాళ్ళ సంగతుల్లో వేలు పెట్టకూడదని నియమం. తెలిసే పెట్టాను."

"నాకు చెబితే ఏం పోయింది?"

"వాడు పోయినప్పుడు నువ్వు అన్నం ముట్టట్లేదు, అందుకని ఈ పేపరు దాచాను. తర్వాత చెప్పడానికి నోరు రాలేదు."

ఏడుపొచ్చింది. ఎంత మాటన్నాను ఈ మనిషిని!

వెంటనే మరదలికి ఫోన్ చేశాను. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. నేను ఉలుకూ పలుకూ లేకుండా ఊరుకున్నానని దానికి ఒళ్ళు మండి, ఆ పేజీ చర్చలో "లిఫ్టులో పోయింది నా భర్త, నిజాన్ని చెరిపేస్తున్నారు" అని రాసిందట. మంత్రి అంటే పడనివాడొకడు అందుకుని, వెతికి, ఆ పేపరే పట్టుకొచ్చాడు. ఈ మంత్రి మార్కెట్ చైర్మన్‌గా ఉండగా లిఫ్టు తెగిపడి ఒకరు చనిపోయారని, చనిపోయిన లిఫ్టు ఆపరేటర్ తాగి ఉన్నాడని రాసి, కింద ఆధారం పెట్టాడు. మంత్రి శత్రువులకి మొదటి ముక్క చాలు, మంత్రి మనుషులకి రెండో ముక్క చాలు. ఇన్నాళ్ళూ కామా దగ్గర కూడా కొట్టుకు చచ్చినవాళ్ళు ఈ వాక్యం జోలికి ఒక్కరూ రాలేదు. మా ఆయన ఫలానా బంధువునని ఒప్పుకుని, అది అబద్ధమని బతిమాలాడు. బంధువైతే ఇక ఆ పేజీ ముట్టుకోవద్దన్నారు.

ఆ సాయంత్రం మేనకోడలు ఫోన్ చేసింది. ఈ మధ్యే కాలేజీలో చేరింది.

"అత్తా, నాన్న తాగేవాడా?"

"లేదమ్మా, నా మీద ఒట్టు. వాడు చుక్క ముట్టి ఎరగడు."

"మరి మావయ్య ఎందుకు చెరిపాడు?"