ముసురులో అల్లుడుగారి భోజనం

నా చిన్నప్పుడు మా ఊళ్లో ముసురు పట్టిందంటే కూరగాయల మాట మరిచిపోవాల్సిందే. మాది కొల్లేటి ఒడ్డు. ఏలూరు వెళ్లే గట్టు మీదకి నీళ్లెక్కితే బస్సు రాదు, బుట్ట నెత్తిన పెట్టుకుని కూరలమ్మే ఆవిడా రాదు. ఇక ఇంట్లో ఉన్నవాటితోనే వంట. వేసవిలో పెట్టిన ఆవకాయ, గుమ్మడి వడియాలు, ఊరమిరపకాయలు, దడి పక్కన మొలిచిన తోటకూర, వలవేసేవాళ్లు గుమ్మంలోకి తెచ్చి ఇచ్చే చిన్న చేపలు. సాయంత్రమైతే మూకుట్లో మినపరొట్టె. తాటిపండ్లు రాలే రోజులైతే తాటిరొట్టె. పైన పెంకుల మీద వాన చప్పుడు, లోపల పొయ్యి చుట్టూ మేం పిల్లలం. అంతకు మించిన సుఖం ఉంటుందని నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

ఈమధ్య నాలుగు చినుకులు పడగానే పకోడీల ప్లేటుకి ఫోటో తీసి ఫోన్లలో పంపుకుంటున్నారు. ఫోటో బాగా వచ్చేసరికి పకోడీలు చల్లారి మెత్తబడిపోతాయి. చూస్తే నవ్వొస్తుంది గానీ వాళ్ల మీద నాకు కోపం లేదు. తిండిని చూసి మురిసిపోయేవాళ్లు ఎంత వెర్రివాళ్లైనా ఫరవాలేదు. తిండిని చూసి ఈసడించుకునేవాళ్లంటేనే నాకు రోత. ఆ రోత నాకు మా పెద్ద మావయ్య వల్ల అబ్బింది.

పెద్ద మావయ్యంటే మా నాన్నగారి అక్క భర్త. ఏలూరులో ధాన్యం వ్యాపారం. మల్లెపువ్వులాంటి పంచె, వేళ్లకి ఉంగరాలు, నోట్లో ఎప్పుడూ కిళ్లీ. ఆయన మాట్లాడితే తను తిన్న విందుల గురించే. ఎవరి పెళ్లిలో ఎన్ని రకాల స్వీట్లు వడ్డించారో, ఏ పెద్దమనిషి తనను పక్కన కూర్చోబెట్టుకుని తినిపించాడో చెప్పేవాడు. ఒక మనిషి తన జీవితమంతా తన పొట్ట కథగా చెప్పుకోగలడని నేను ఆయన్ని చూసే తెలుసుకున్నాను. అలాంటివాడికి మా ఇంట్లో అల్లుడి మర్యాద. ఆయనొస్తే మా నాన్నగారు కుర్చీలో కూర్చునేవారు కాదు.

ఒక ఏడు కైకలూరులో ఏదో పెళ్లికి వెళ్లి, తిరుగు దారిలో ఒక పూట ఉండి పోదామని ఒక్కడే మా ఇంటికి వచ్చాడు. ఆ పూటే ముసురు బిగిసింది. తెల్లారేసరికి గట్టు కనపడలేదు. ఆయన మా ఇంట్లో చిక్కుకుపోయాడు. నిజం చెప్పాలంటే మేమే ఆయన చేతిలో చిక్కుకుపోయాం.

మొదటి భోజనానికి అమ్మ ముద్దపప్పు, ఆవకాయ, వడియాలు, చిన్న చేపల పులుసు చేసింది. తడి కట్టెలు రాజుకోక ఊదీ ఊదీ కళ్లు ఎర్రబడ్డాయి. మావయ్య రెండు వేళ్లతో ఒక చేపను ఎత్తి చూసి, వీటిని మా వీధిలో పిల్లులు కూడా ముట్టుకోవన్నాడు. విస్తరి పక్కకి తోశాడు. మా నాన్నగారు సిగ్గుతో కుంచించుకుపోయి, ఆ సిగ్గంతా అమ్మ మీద చూపించారు. వంట రాదన్నారు, బావగారొచ్చినప్పుడైనా ఒళ్లు దగ్గర పెట్టుకుని వండవా అన్నారు.

మర్నాడు అమ్మ తెల్లవారుజామునే లేచి ఊకపొయ్యి మీద ఉలవలు ఉడకబెట్టింది. మధ్యాహ్నానికి చారు చిక్కబడి ఇల్లంతా ఘుమఘుమలాడింది. అన్నంలో ఉలవచారు పోసి, పైన వెన్నముద్ద వేసి పెడితే మావయ్య నవ్వాడు. ఏలూరులో తమ ఇంట ఉలవలు ఎడ్లకి పెడతారట. నేను అక్కడే కూర్చుని తింటున్నాను. మా ఎడ్లు ఈయనకంటే మర్యాదగా తింటాయే అనుకున్నాను. అవి మేత వేసిన చేతిని ఈసడించవు.

నాన్నగారు ఆ మాటకి అన్నం ముందునుంచి లేచిపోయారు. పొలం పనులు చేసే పాలికాపుని పిలిచి, దోనె వేసుకుని అవతలి ఒడ్డుకు పోయి, కూరలూ మాంసమూ దొరికితే పట్టుకురమ్మన్నారు. ఆ గాలికి కొల్లేరు అల్లకల్లోలంగా ఉంది. వలవేసేవాళ్లే ఆ రోజు నీళ్లలోకి దిగలేదు. పాలికాపు తడి తువ్వాలు పిండుకుంటూ నిలబడ్డాడు. కాదనలేదు. కాదనే అలవాటు అతనికి లేదు. అతని పెళ్లాం దడి అవతల నిలబడి చూస్తోంది. మావయ్య మాత్రం వీధి అరుగు మీద కూర్చుని, క్యాబేజీ దొరికితే అది కూడా తెమ్మని చెప్పాడు. ఒకడి ప్రాణం నీళ్ల మీదకి వెళుతుంటే అంతమందిలో క్యాబేజీ గుర్తొచ్చిన మనిషి ఆయనొక్కడే.

అప్పుడు మా మామ్మ బయటికి వచ్చింది. మామ్మంటే నాన్నగారి తల్లి. అల్లుడితో ఆవిడ ఎప్పుడూ తలుపు చాటునుంచే మాట్లాడేది. ఆ రోజు నడవలోకి వచ్చి నిలబడింది. దోనె దించొద్దని నాన్నగారితో ఒక్క మాటే అంది. తర్వాత అల్లుడి వైపు తిరిగింది.

"మా తిండి తమరికి పడదండి బాబూ. తెలిసి తెలిసి పెట్టడం మాదే తప్పు. ఇక పెట్టమండి."

మావయ్య దాన్ని క్షమాపణ అనుకున్నాడు. అలాంటివాళ్లకి వినపడేదంతా పొగడ్తగానో క్షమాపణగానో వినపడుతుంది. పెద్దమనసుతో తల ఊపాడు.

ఆ రాత్రి భోజనాల్లో ఆయనకి వెండికంచం పెట్టారు. అందులో తెల్లటి అన్నం, గడ్డపెరుగు, అంతే. తమరికి సరిపడేది మా ఇంట్లో ఇదొక్కటేనండీ అని మామ్మ ఎంతో వినయంగా చెప్పింది. మిగతావాళ్లం అదే వరసలో కూర్చుని గోంగూర, ఎండురొయ్యల కూరతో తిన్నాం. నాన్నగారు తల ఎత్తలేదు. మావయ్య మెడ నిక్కించుకుని పెరుగన్నం తిన్నాడు. మర్నాడు పొద్దున్న మా అందరికీ మినపరొట్టె, బెల్లంపానకం. ఆయనకి గ్లాసెడు పాలు. మధ్యాహ్నం మళ్లీ వెండికంచం, మళ్లీ పెరుగు. వంటింట్లో అమ్మ వడియాలు వేయిస్తుంటే ఆయన వీధి అరుగు మీదనుంచి నడవలోకి, నడవలోంచి వంటింటి గుమ్మం దాకా ఏదో వెతుకుతున్నట్టు తిరిగాడు. అడగలేడు. రెండు రోజులపాటు నోటితో కట్టుకున్న గోడ అది. దాన్ని దూకడానికి ఆ పెద్దమనిషికి సిగ్గు.

ఆ సాయంత్రం అమ్మ తాటిరొట్టె కాల్చింది. తాటిగుజ్జులో బియ్యపురవ్వ, బెల్లం కలిపి మూకుట్లో పోసి, మూత మీద నిప్పులు వేసి కాలుస్తారు. అడుగు ఎర్రగా మాడీ మాడకుండా వస్తే దాని వాసన వీధి చివరిదాకా పోతుంది. మేం తిన్నాక మిగిలింది మూకుట్లోనే ఉంచి అమ్మ దొడ్లోకి వెళ్లింది. దీపాలు పెట్టేవేళ మామ్మ లాంతరు పట్టుకుని వంటింట్లోకి వెళుతుంటే వెనకే నేనూ వెళ్లాను. మావయ్య పొయ్యి దగ్గర ఒంగుని నిలబడి, మూకుట్లో చెయ్యి పెట్టి తింటున్నాడు. రెండు బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి. మల్లెపువ్వులాంటి పంచెకి మసి.

ఎవరైనా అయితే అందరినీ పిలిచి చూపించేవారు. నేనైతే పిలిచేదాన్నే. మామ్మ లాంతరు గూట్లో పెట్టి, పీట వాల్చి, కూర్చుని తినండి బాబూ అంది. పక్కన కూర్చుని రొట్టె మీద వెన్న కూడా రాసింది. నాకు మామ్మ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఇలాంటివాడికి వెన్న కూడానా అనుకున్నాను.

ఆయన ఆబగా తింటున్నాడు. కాసేపాగి మామ్మ మామూలుగా అడిగింది.

"మా అమ్మాయి వండినా ఇలాగే అంటారా బాబూ, తమరు?"

పొట్ట నిండుతున్న మనిషి కదా, మనసు విప్పాడు. నవ్వుతూ, వేళ్లు నాకుతూ చెప్పాడు.

"మీ అమ్మాయి సంగతి అడక్కండి అత్తయ్యగారూ. కంచం విసిరికొడితే గానీ ఆవిడకి ఉప్పు గుర్తురాదు. అలవాటైపోయింది లెండి, మళ్లీ వండేస్తుంది."

మామ్మ చెయ్యి వెన్నగిన్నెలో ఆగిపోయింది. మళ్లీ కదిలింది. మిగిలిన ముక్కకి కూడా వెన్న రాసి ఆయన ముందు పెట్టింది. ఇంకేమీ అడగలేదు. పెట్టకుండా ఉంచితే ఆ మనిషి అలిగేవాడు, తిడితే ఎదురు తిట్టేవాడు. వెన్న రాసి పెట్టేసరికి నిజం చెప్పేశాడు.

నీళ్లు తీసి గట్టు తేలగానే మావయ్య ప్రయాణమయ్యాడు. చూస్తే మామ్మ కూడా సంచి సర్దుకుని సిద్ధంగా ఉంది. కూతుర్ని చూసి చాలా రోజులైందంది. మర్నాటి సాయంత్రానికి అత్తయ్యను వెంటబెట్టుకుని తిరిగి వచ్చింది. అక్కడేం జరిగిందో అత్తయ్యే తర్వాత అమ్మకి చెప్పింది. మామ్మ గొంతు పెంచలేదట. వానలు తగ్గేదాకా పిల్ల మా దగ్గరుంటుందండీ, తమరికి నచ్చేలా వండే హోటళ్లు ఏలూరు నిండా ఉన్నాయి కదండీ అని మాత్రం అందట.

అత్తయ్య వచ్చిన రాత్రి అందరం అన్నాలకి కూర్చున్నాం. నా చేతిలోంచి కంచం జారి గచ్చు మీద పడింది. అత్తయ్య ముద్ద వదిలేసి లేచి, గోడకి ఆనుకుని నిలబడిపోయింది. నడివయసు మనిషి ఆవిడ. అమ్మ వెళ్లి చెయ్యి పట్టుకుని మళ్లీ పీట మీద కూర్చోబెట్టింది. నాన్నగారు అక్కగారి వైపు చాలాసేపు చూశారు. తర్వాత అమ్మను పిలిచి, చారు బాగుంది, ఇంకొంచెం పొయ్యమన్నారు. ఆయన నోట అలాంటి మాట వినడం నాకు అదే మొదలు. ఆ తర్వాత ఎవరొచ్చి ఎంత ఈసడించినా అమ్మను పల్లెత్తు మాట అనలేదు.

మావయ్య ఏలూరంతా తిరిగి అత్తారింట్లో తనను పస్తులు పెట్టారని చెప్పుకున్నాడు. మామ్మ కాదనలేదు. కార్తీకంలో భార్యను తీసుకెళ్లడానికి వచ్చాడు. మామ్మ ఆయనకి ఉలవచారే పోయించింది. విస్తరి ఖాళీ చేసి లేచాడు. వెళ్లడం మానడం నీ ఇష్టం అని మామ్మ కూతురికి వదిలేసింది. అత్తయ్య నడవలో నిలబడి, మళ్లీ కంచం లేస్తే నేను గడప దాటి వచ్చేస్తానండీ అని భర్తకి చెప్పి వెళ్లింది. మళ్లీ అలా రావాల్సిన అవసరం పడలేదు. మావయ్య మారాడని మాత్రం నేను చెప్పను. అలాంటివాళ్లకి బుద్ధి రాదు, భయం వస్తుంది. దానితోనే సరిపెట్టుకోవాలి.

మొన్న వానల్లో తాడేపల్లిగూడెంలో మా మనవరాలికి ఒక సంబంధం చూడ్డానికి వెళ్లాం. అబ్బాయికి మంచి ఉద్యోగం, మాతో మాట మాటకీ అండీ. వాళ్లమ్మ వేడివేడిగా ఉప్మా పెసరట్టు తెచ్చింది. అబ్బాయి ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, ప్లేటు ఆవిడ వైపు తోసి, కళ్లతోనే ఏదో అన్నాడు. ఆవిడ గబగబా ప్లేటు తీసుకుని లోపలికి వెళ్లింది. కార్లో తిరిగొస్తూ, ఈ సంబంధం వద్దన్నాను. మా అబ్బాయి ఆశ్చర్యపోయాడు. కుర్రాడు అంత మెత్తగా మాట్లాడాడు కదమ్మా అన్నాడు.

మనతో మెత్తగానే మాట్లాడాడు, ప్లేటు తోయగానే వాళ్లమ్మ ఎంత గబగబా లోపలికి పోయిందో చూశావా అని అడిగాను. వాడు చూడలేదు. నేను చూశాను.