పాత పాలిష్ పెట్టిన లోకం

రాష్ట్రం విడిపోయిన ఆ కొత్త రోజుల్లో నాకు జీతం తక్కువ, గొంతు ఎక్కువ. పులివెందులలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. డాక్టరేటు కూడా ఉంది (మా అమ్మ వీధిలో ఎదురైన ప్రతివారికీ నన్ను సైంటిస్టనే చెప్పేది). జమ్మలమడుగులో, ఆదివారం చర్చి మానని ఇంట్లో పుట్టాను. ఈ విశ్వం ఏదో పేలుడుతో మొదలైందంటే ఒళ్ళు మండేది. దేవుడు కొన్ని వేల ఏళ్ళ కిందట దీన్ని చేశాడని నమ్మాను, లెక్కలు వేసి మరీ నమ్మాను. క్లాసులో పాఠమంతా చెప్పి, చివర్లో "ఇది పరీక్షకు మాత్రమే, నిజం వేరే" అనేవాణ్ణి. పిల్లలకు అది భలే సరదా.

జమ్మలమడుగులో టీచర్ల సభకు నన్ను మాట్లాడమని పిలిచారు. అక్కడ నోరు జారితే ఉద్యోగం ఉండదని మా ప్రిన్సిపాల్ ముందే చెప్పాడు. అయితే ఏంటట అనుకుని వెళ్ళాను. మొదటి వరసలో ప్రిన్సిపాల్, ఆయన పక్కనే మా కాలేజీ యజమాని. ఈయన ప్రొద్దుటూరులో బంగారు అంగడి శెట్టిగారు. లోకం వయసు కొన్ని వేల ఏళ్ళేనని నేను గొంతు చించుకున్నాక ఒక టీచరు లేచి, దూరపు చుక్కల వెలుగు మన దాకా రావడానికే కోట్ల ఏళ్ళు పడుతుంది కదా అన్నాడు. దేవుడు ఆ వెలుగును దారి మధ్యలోనే పుట్టించాడు, అందుకే కొత్త లోకం పాతదిగా కనిపిస్తోంది అన్నాను. అప్పుడు లేచారు శెట్టిగారు.

"మా అంగట్లో కొత్త హారానికి పాత నగ మాదిరి పాలిష్ పెడతామప్పా. కొత్తదేనని చెప్పే అమ్ముతాం. చెప్పకుంటే మోసం. మరి మీ దేవుడు చెప్పినాడా?"

హాలంతా గొల్లుమంది. నా చెవులు వేడెక్కాయి. ప్రిన్సిపాల్ కళ్ళతోనే కూర్చోమంటున్నాడు. కూర్చుంటే ఉద్యోగం దక్కేది.

"చెప్పినాడు సార్. పరిశుద్ధ గ్రంథం మొదటి పేజీలోనే రాయించినాడు. మీరే బిల్లు చదవకుండా నగను చూసి మాట్లాడతాండారు."

ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది శెట్టిగారే. గట్టెక్కాననుకున్నాను. బయటికొచ్చాక ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "పిల్లోళ్ళు పరీక్షలు రాయల్లప్పా, నువ్వు కాలేజీకి ఇంక రావద్దు. ఈ నోరు అంగట్లో ఉంటే శానా బాగుంటాది. ప్రొద్దుటూరికి వచ్చెయ్" అన్నారు.

కొన్నాళ్ళు పౌరుషంగా ఇంట్లో కూర్చున్నాను. ఆ తర్వాత వెళ్ళాను. ఇప్పటికీ అక్కడే, ఆ పాలిష్ నగల దగ్గరే ఉన్నాను. బాగా పాతదా అని ఎవరైనా హారం పట్టుకుని అడిగితే, "కొత్తదేనమ్మా, పాతదిగా కనపడతాది అంతే" అంటాను. అన్నప్పుడల్లా శెట్టిగారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి ముసిముసిగా నవ్వుతారు. హాల్లో చెవులు ఎర్రబడ్డ ఆ కుర్రవాడు గుర్తొచ్చి నాకూ నవ్వొస్తుంది. వాడి మీద ముద్దు కూడా వస్తుంది. అయినా సరే, లోకం వయసు మాత్రం ఒక్క ఏడాది కూడా పెంచడానికి ఒప్పుకోను.