టామ్ పిలవని భోజనం

ఆ రోజుల్లో వనపర్తిలో ఇంగ్లీషు చెప్పే మాస్టరంటే గౌరవం ఎక్కువ, జీతం తక్కువ. (గౌరవం కూడా అందరూ ఇవ్వలేదు. ఇవ్వనివాళ్లు నాకింకా గుర్తున్నారు.) నాకు ఇరవై రెండేళ్లు, ఉద్యోగం తాత్కాలికం. ఏడాది చివర ఇన్‌స్పెక్టరు వచ్చి ఇంగ్లీషులో ఒక పాఠం చదువుతాడు. పుస్తకాలు మూసి విన్న పిల్లలు జవాబులు చెప్పాలి. చెబితే నా ఉద్యోగం ఖాయం, లేకపోతే గోపాల్‌పేటలో మా నాయన నాగలి నాకోసం కాచుకునే ఉంది.

తిండి మీదే పాఠం వస్తుందని హెడ్మాస్టరు చెవిన వేశాడు. నెలరోజులు నేను చదవడం, పిల్లలు వినడం. బ్రెడ్డు, బటరు, జాము. జాము ఎవరూ చూడలేదు (నేనూ చూడలేదు), కొల్లాపూర్ మామిడి తాండ్ర ఎండకముందు ఎలా ఉంటుందో అలా ఉంటుందని చెప్పాను. ముందు వరసలోని, మగ్గం నేసే సాలోళ్ల పిల్లవాడు లేచి, "సార్, గా రొట్టెకు కారం లేదా?" అన్నాడు. లేదన్నాను. "పాపం, ఎట్ల తింటరు సార్!" అని తరగతంతా జాలిపడింది.

పరీక్షనాడు ఇన్‌స్పెక్టరు చదివిన పాఠంలో టామ్ పొద్దున తింటుంటే పక్కింటి పెద్దమనిషి వస్తాడు. టామ్ గుడ్ మార్నింగ్ అని చెప్పి తన తిండి ముగిస్తాడు. "వచ్చినాయనతో టామ్ ఏమన్నాడు?" అని ప్రశ్న. సాలోళ్ల పిల్లవాడు ధైర్యంగా "కమ్, సిట్, ఈట్" అన్నాడు. రెండోవాడూ అదే, మూడోవాడూ అదే. "నేను అట్ల చదివిన్నా?" అని ఇన్‌స్పెక్టరు తెలుగులోకి దిగాడు. "లేదు సాబ్. గని ఇంటికొచ్చిన మనిషిని తినుమనకుండ ఎట్ల తింటడు? మీరే ఆ ముక్క ఇడిసిపెట్టిన్రనుకున్నం" అన్నాడు సాలోళ్ల పిల్లవాడు.

పిల్లలకు వినడం రాదని ఆయన రాసేశాడు. "విన్నరు సాబ్, నమ్మబుద్ధి కాలేదు" అన్నాను. హెడ్మాస్టరు నా చొక్కా పట్టుకుని లాగాడు. అయినా ఊరుకోక, ఒక అర్జీ రాసుకుని, ఇన్‌స్పెక్టరు దిగిన హెడ్మాస్టరు ఇంటికి వెళ్లాను. ఇన్‌స్పెక్టరు భోంచేస్తున్నాడు. నన్ను చూసి "గుడ్ మార్నింగ్" అని (అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట) మళ్లీ విస్తరి వైపు తిరిగాడు. నేను గడపలోనే నిలబడ్డాను. ఆ రోజు గుత్తివంకాయ. ఉద్యోగం ఇంకో ఏడాది తాత్కాలికమే అయింది. అది మరిచిపోయాను, వంకాయ మాత్రం మరవలేదు.

చాలా ఏళ్లకు, నేను బదిలీ మీద చేరిన గద్వాలలో, పట్టుచీరలు కొనడానికి వచ్చిన ఒక ముసలాయన నేసేవాళ్ల ఇల్లెక్కడని అడుగుతూ మా వాకిట్లో నిలబడ్డాడు. ఆ ఇన్‌స్పెక్టరే! నేను జొన్నరొట్టె తుంచుతున్నాను. ఇన్నేళ్లుగా దాచుకున్న గుడ్ మార్నింగ్ నాలుక చివర సిద్ధంగా ఉంది. నోరు తెరిచాను.

"రాండ్రి సాబ్, కాళ్లు కడుక్కోండ్రి. జర రొట్టె తినిపోదురు."

మూడు తిన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు (ఇది వేరే ఫిర్యాదు). చెయ్యి కడుక్కుంటూ, "ఈ మర్యాద మీ పిల్లలకు గూడ నేర్పుండ్రి" అన్నాడు.

"నేర్పిన సాబ్. మార్కులే పడలె."

ఆయనకు అర్థం కాలేదు, నవ్వి వెళ్లిపోయాడు. నేనెవరో చెప్పేద్దామని వీధి మలుపు దాకా వెంట నడిచాను కూడా. తీరా ఆయన వెనక్కి తిరిగేసరికి, నేసేవాళ్ల ఇల్లు చూపించి వచ్చాను.