పెదనాన్న కొట్టిన మందు

మా పెదనాన్న కూతురు రాజక్క పెళ్ళిని ఒక్క మాటతో పెటాకులు చేయబోయిన ఘనురాలిని నేనే. అదీ పగబట్టి కాదు, లోకాన్ని ఉద్ధరిద్దామనుకుని! చెబుతాను వినండి. కాస్త మెల్లగా నవ్వండి, అక్క పక్కగదిలోనే ఉంది.

ఎనభైల్లో మాట. నూజివీడు కాలేజీలో చదివేదాన్ని. బస్సు వచ్చేదాకా లైబ్రరీలో కూర్చుని కనిపించిందల్లా చదివేదాన్ని. చదివినకొద్దీ భయం. పురుగుమందులకి పక్షులు పోతున్నాయని ఒకచోట, తేనెటీగలు పోతున్నాయని ఇంకోచోట. ఆ తర్వాత పోయేది మనుషులేగా! తీరా ముసునూరులో ఇంటికొస్తే మా మామిడితోట, తోటనిండా పూత, పూత మీద తెల్లారీ తెల్లారకుండానే పెదనాన్న కొట్టే మందు. ఆ వాసన తగిలితే చాలు, నాకు గుండెదడ. ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికుంది? పెదనాన్న దగ్గితే మా కుక్క కూడా లేచి నిలబడేది.

నోటితో చెప్పలేనివాళ్ళు ఏం చేస్తారు? కథ రాస్తారు. నేనూ రాసి ఓ వారపత్రికకి పంపాను. "మా పెదనాన్న దేవుడిలాంటి మనిషి. కానీ పొద్దున్నే తోటలోకి వెళ్ళి మందు కొడతాడు. మధ్యాహ్నానికి కళ్ళు ఎర్రబడతాయి, చేతులు వణుకుతాయి. అయినా మానడు" అని మొదలు.

అచ్చయింది! పక్కనే బొమ్మ. మామిడిచెట్టు కింద సీసా పట్టుకుని ఒరిగిపోయిన మీసాల పెద్దమనిషి. కింద నా పేరు, ఊరిపేరుతో సహా. మా తోటల్లో మందు కొట్టడమంటే చెట్లకి కొట్టడమే. పట్నంలో దానికి ఇంకో అర్థం ఉందని నాకు తట్టనేలేదు. పెదనాన్న చుట్ట కూడా ముట్టడు. మజ్జిగ కాస్త పులిస్తేనే పక్కన పెట్టేస్తాడు.

"చంపావు కదే భారతీ!" అంది రాజక్క. "రేపు బెజవాడ నుంచి ఆ అబ్బాయి నాన్నగారు వస్తున్నారు, తాంబూలాల సంగతి మాట్లాడ్డానికి."

"ఆయన చదివుండరులే అక్కా."

"చదివుంటే? తాగుబోతు ఇంటి పిల్ల మాకొద్దంటే? నాకా అబ్బాయి నచ్చాడే!" అని భోరుమంది.

మర్నాడు ఆయన దిగారు. చంకలో అదే పత్రిక! అక్కా నేనూ వంటింటి తలుపు వెనక చేరాం.

"బావగారూ," ఆయన గొంతు తగ్గించారు. "తమరు పొద్దున్నే కొడతారటగా?"

"మందా? పూత మీద తప్పదండీ," అన్నాడు పెదనాన్న.

"పొద్దున్నే ఎందుకండీ?"

"ఎండెక్కాక కొడితే పనిచెయ్యదు."

"నీళ్ళు కలుపుతారా?"

"భలేవారే! కలపకుండా కొడితే మాడిపోవూ? డ్రమ్ముకి ఇంతని లెక్కుంటుంది."

"డ్రమ్మా!" ఆయన కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఒక్కణ్ణే కొట్టలేనండీ. మొన్న కూలీలు రాకపోతే మా ఆవిడ కూడా ఓ చెయ్యేసింది."

అక్క నా జబ్బ గిల్లింది. ఇంకేముంది, పెద్దమ్మ చేత కూడా తాగించేశాం! ఈ సంబంధాన్ని ఇక బ్రహ్మదేవుడు కూడా నిలబెట్టలేడనుకున్నాను.

ఆయన అటూ ఇటూ చూశారు. సంచిలోంచి కాగితం చుట్టిన సీసా తీశారు. "మా ఇంట్లో తెలిస్తే చంపేస్తారు బావగారూ. ఎవరికీ చెప్పుకోలేక చస్తున్నాను. పత్రికలో మీ సంగతి చూశాక ప్రాణం లేచొచ్చిందనుకోండి. ఇది కొట్టి చూడండి, సీమ సరుకు!"

పెదనాన్న సీసా అందుకుని, వెలుగులో పెట్టి, లేబులు నిదానంగా చూశాడు.

"ఇది ఏ పురుగుకండీ?"

ఇక ఆగలేక బయటికి పరిగెత్తి, ఏడుస్తూ ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. బెజవాడ పెద్దాయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. పెదనాన్న పత్రిక తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. అంతసేపూ నేను కుక్క పక్కన నిలబడ్డాను.

చదివి, తన చేతులవంక చూసుకున్నాడు.

"వణకడం నువ్వు చూశావటే?"

"చూశాను పెదనాన్నా. నీకేమన్నా అవుతుందేమోనని భయమేసి రాశాను."

"నాతో చెప్పొచ్చుగా."

"అది ఇంకా భయం."

పెదనాన్న పెద్దమ్మని కేకేశాడు. "ఏమేవ్, రేపట్నుంచి నాకు పొడుగుచేతుల చొక్కా తీసిపెట్టు. మూతికి కట్టుకోడానికి ఓ గుడ్డ కూడా." సీసా మాత్రం ఆయన సంచిలోనే తిరిగి పెట్టి, "మనం తాంబూలాల సంగతి చూద్దాం బావగారూ" అన్నాడు. ఆయన మరుమాట లేకుండా ముహూర్తానికి ఒప్పేసుకున్నారు, కట్నం ఊసే ఎత్తలేదు.

ఆ రోజే మామిడిచెట్టు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. లోకం కోసం ఎంత భయపడినా సరే, ఎన్ని కథలు రాసినా సరే, ఇకమీదట నా కథల్లో ఎవరు మందు కొట్టినా అది చెట్టుకో గొంతుకో ఆ వాక్యంలోనే తేల్చేస్తాను.