నర్సయ్య బాపుకు వినపడని పాట

కోరుట్లలో మా ఇంట్లో కరెంటు పోతే ముందు ఫ్యాను నెమ్మదిస్తుంది, ఆ వెనకే ఫ్రిజ్ గుర్రు ఆగిపోతుంది. మా చెల్లెలి పిల్లలు అబ్బా అని విసుక్కుంటూ నా వైపు చూస్తారు, నేనే ఏదో తీగ పీకినట్టు. నాకు మాత్రం ఆ నిశ్శబ్దం చాలా ఇష్టం. పని చేస్తున్న చేతులు అలాగే ఆపి వింటాను. ఏమీ వినపడదు. సరిగ్గా అప్పుడే నాకు సిరిసిల్లలో నేను అద్దెకున్న వీధి, ఆ ఇంటి యజమాని నర్సయ్య బాపు గుర్తుకొస్తారు. దేవుడి ముందు ఎలా కూర్చోవాలో నాకు నేర్పింది ఆయనే. నేను క్రైస్తవుల ఇంటి పిల్లను, ఆయన ఆంజనేయస్వామి భక్తుడు. ఈ మాట చెబితే మా చర్చిలో కొందరు, ఆయన గుడిలో కొందరు ముఖం చిట్లిస్తారని తెలుసు. చిట్లించుకోనివ్వండి. జరిగింది జరిగినట్టే చెప్తాను.

తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వేసుకుని నిరాహార దీక్షలు చేస్తున్న రోజుల్లో నేను బదిలీ మీద సిరిసిల్ల బడికి వెళ్లాను. అంతకు ముందటి ఏడాదే మా ఆయన పోయాడు. మామూలు జ్వరమని పడుకున్న మనిషి ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. ఆయన అక్కడున్నన్ని రోజులూ నేను మోకాళ్ల మీదే ఉన్నాను. చిన్నప్పటి నుంచి విన్న ప్రార్థనలన్నీ చేశాను. తీరా సమాధి దగ్గర ఒక్కొక్కరూ వచ్చి "దేవుని చిత్తం అమ్మా" అంటుంటే నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత చర్చి గడప తొక్కలేదు. బైబిలును పెట్టె అడుగున చీరల కింద పెట్టేశాను. దేవుడు లేడని నేనెన్నడూ అనుకోలేదు. ఉండి కూడా పలకలేదనే నా కోపం.

నర్సయ్య బాపు ఇల్లు రెండు భాగాలు. వెనక భాగంలో ఆయన, ఆయన భార్య రాజవ్వ ఉండేవారు. ముందు గది నాది. పక్కనే ఆయన సాంచెల షెడ్డు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. తెల్లవారింది మొదలు వీధంతా సాంచెల మోతే. నా గిన్నెలు వాటంతట అవే అరమీద కదిలేవి. వెళ్లిన కొత్తలో నాకు పిచ్చెక్కినంత పనైంది. ఆ షెడ్డులో ఎవరూ నోటితో మాట్లాడుకోరు. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్లు, రెండు వేళ్లు ముడిస్తే బీడీ, అరచెయ్యి బోర్లిస్తే సాంచె ఆపమని. మిగతాదంతా పెదవులు చూసి పట్టుకుంటారు. బయటికొచ్చినా ఆ అలవాటు పోదు. వీధిలో ప్రతి ఒక్కరూ ఎదుటివాళ్ల ముఖంలోకి చూస్తూ, గొంతు చించుకుని మాట్లాడతారు. మొదట్లో వాళ్లు కొట్లాడుకుంటున్నారనుకునేదాన్ని.

ఎక్కడైనా సాంచె తేడాగా ఆడితే బాపు దాని చెక్క చట్రం మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. ఒకసారి నేను ఆశ్చర్యంగా చూస్తుంటే నవ్వి, "గీ మోతల చెవులతోని ఏం ఎర్కైతది బిడ్డా? చెయ్యి ఆనియ్యాలె" అన్నాడు. అప్పుడు ఆ మాటను నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఆయనకు సాంచెల కన్నా ప్రాణం శనివారం భజన. వీధి చివర చిన్న ఆంజనేయస్వామి గుడి. భజన మండలికి ఆయనే పెద్ద. గొంతు ఖంగుమనేది. పాట ఎత్తుకుంటే కళ్లు మూసుకుని పాడేవాడు. పాడినంతసేపూ దేవుడికి ఎదురుగా, అందరికన్నా ముందు కూర్చునేవాడు. ఎవరి శ్రుతి కాస్త అటూ ఇటూ అయిందని అనుమానం వచ్చినా పాట మధ్యలో ఆపించేవాడు. సత్తయ్య అనే ఆయనకు ప్రతి వారమూ అక్షింతలే. సత్తయ్యకు కూడా మనవలున్నారు, అయినా బాపు ముందు బడిపిల్లాడిలా నిలబడేవాడు. "ఏందిరా సత్తెయ్యా, పాట గీ తొవ్వకు పోతుంటె నీ గొంతు గా తొవ్వకు పోవట్టె! దేవుడు ఇంటున్నడనుకున్నవా, నిద్ర పోతున్నడనుకున్నవా?" అని అందరి ముందూ అనేవాడు. సత్తయ్య తల దించుకుని తాళం సర్దుకునేవాడు. నేను గుడి బయట అరుగు మీద రాజవ్వతో కూర్చుని అదంతా చూసేదాన్ని. దేవుడంటే అంత ధీమాగా ఉన్న మనిషిని చూస్తే నాకు కొంచెం అసూయ, కొంచెం చిరాకు.

తర్వాత పెద్ద సమ్మె వచ్చింది. బళ్లు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, బొగ్గు గనుల వాళ్లు కూడా పని మానడంతో కరెంటు గంటల తరబడి పోయేది. ఓ ఉదయం వీధిలో సాంచెలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. నేను ఆ వీధిలో మొదటిసారి పిచ్చుకల చప్పుడు విన్నాను. రాజవ్వ పెరట్లోంచి "ఓ అయ్యా, చాయ్ తాగుదువు రా" అని పిలిచింది. బాపు షెడ్డు గుమ్మంలో అటు తిరిగి నిలబడి ఉన్నాడు. మళ్లీ పిలిచింది. నేనూ పిలిచాను. ఆయన కదల్లేదు. దగ్గరికి వెళ్లి భుజం తడితే ఉలిక్కిపడ్డాడు. "సాంచెలు బందైనయి గదా బిడ్డా? మరి నా చెవులల్ల ఇంక ఆడుతనే ఉన్నయేంది?" అన్నాడు. అలవాటైన మోత కదా, తగ్గుతుందిలే అన్నాను.

ఆ వారంలోనే బస్టాండు చౌరస్తాలో వంటావార్పు జరిగింది. ఉద్యమంలో అదొక పద్ధతి. రోడ్డు మీద రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని, సాయంత్రం దాకా దారి వదలకపోవడం. మేం టీచర్లం టమాటాలు తరుగుతున్నాం. ఒక్కొక్క కులం వాళ్లూ, ఒక్కొక్క సంఘం వాళ్లూ మైకు దగ్గరికొచ్చి పాడుతున్నారు. మా వీధి భజన మండలి వంతు వచ్చింది. బాపు ఎప్పటిలాగే ముందు కూర్చుని, కళ్లు మూసుకుని రామ భజన ఎత్తుకున్నాడు. గుడిలో ఎప్పుడూ చుట్టూ సాంచెల మోత ఉండేది. ఇక్కడ మోత లేదు, పైగా మైకు. ఆయన పాట ఎక్కడికో వెళ్లిపోతోందని సంగీతం తెలియని నాక్కూడా అర్థమైంది. కుర్రాళ్లు కొందరు కిసుక్కుమన్నారు. సత్తయ్య వాళ్లు కాసేపు ఆయన వెంట పోయి, ఇక చేతగాక ఆగిపోయారు. తాళాలు ఆగాయి. డోలక్ ఆగింది. ఆయన మాత్రం కళ్లు మూసుకుని పాడుతూనే ఉన్నాడు. చౌరస్తా అంతా మాటలు మానేసి ఆయన్నే చూస్తోంది. చివరికి ఆయన కళ్లు తెరిచాడు. ఆగిపోయిన చేతుల్ని చూశాడు, నవ్వుతున్న ముఖాల్ని చూశాడు. నోరు అలాగే తెరిచి ఉండిపోయింది. నేను కత్తిపీట ముందు నుంచి లేచి ఆయన దగ్గరికి పరుగెత్తాను.

ఇంటికొచ్చాక సత్తయ్య అరుగు కింద నిలబడి నాతో అన్నాడు: "రెండు మూడేండ్ల సంది గిట్లనే ఉందమ్మా. పెద్దమనిషికి ఏమని చెప్తం? ఆయన ఎటు పోతె మేము గూడ అటే పోయినం." అరుగు మీద కూర్చున్న బాపు అతని పెదవులే చూస్తున్నాడు. ఒక్క మాట కూడా తప్పిపోలేదు. శ్రుతి తప్పావని ఇన్నాళ్లూ తను ఎవరిని తిట్టాడో వాళ్లే తన తప్పును మోసుకుంటూ వచ్చారని ఆయనకు ఆ నిమిషంలో తెలిసింది. లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఆ తర్వాత శనివారాలు ఆయన గుడికి పోలేదు. నేను చర్చికి పోను, ఆయన గుడికి పోడు. ఇద్దరం అరుగుకు చెరో చివర కూర్చునేవాళ్లం. రాజవ్వ మా ఇద్దరికీ చాయ్ ఇచ్చి, "ఇద్దరు మంచిగ దొరికిండ్రు దేవునికి" అని గొణుక్కునేది. ఒకరోజు బాపు తనంతట తానే అన్నాడు. "నోరిచ్చినోడు చెవులు గుంజుకునుడేంది బిడ్డా? నేను ఆయనకేం తక్కువ జేసిన? చిన్నప్పటి సంది పాడవడితిని." మా ఆయన సమాధి దగ్గర నేను పళ్లు బిగించి అనుకున్న మాటలే అవి. నేను ఆయన పక్కకు జరిగాను. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలయ్యాక, మా చిన్నమ్మ వాళ్లకు తెలిసిన చెవుల డాక్టరు దగ్గరికి ఆయన్ని జగిత్యాల తీసుకెళ్లాను. డాక్టరు చాలాసేపు పరీక్షించి, నెమ్మదిగా, పెదవులు కనపడేలా చెప్పాడు. ఏళ్ల తరబడి మోతలో ఉండి నరం చచ్చిపోయిందనీ, మిషను పెడితే మాట కొంత అందుతుందనీ అన్నాడు. "మరి పాట?" అని అడిగాడు బాపు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. మేం తిరుగు బస్సెక్కాం.

కొండగట్టు దగ్గర బస్సు ఆగగానే ఆయన ఉన్నట్టుండి లేచి, "దిగుదాం బిడ్డా, ఆయనను జర అడిగేది ఉంది" అన్నాడు. ఏటా భజన మండలితో నడుచుకుంటూ వచ్చే ఆంజనేయస్వామి కొండ అది. ఆటోలో పైకి వెళ్లి దిగీ దిగగానే ఓ కోతి వచ్చి, స్వామికని ఆయన కొన్న అరటిపండ్లు లాక్కుపోయింది. "గుంజుకపో. చెవులే గుంజుకున్నోనికి అరటివండ్లు ఒక లెక్కనా" అన్నాడు బాపు, నవ్వకుండా. నాకు మాత్రం నవ్వాగలేదు. ఆయన దర్శనానికి వెళ్లాడు. నేను మండపం దగ్గర మెట్టు మీద కూర్చున్నాను. అక్కడ ఏదో ఊరి మండలి భజన చేస్తోంది. దర్శనం చేసుకుని వచ్చిన బాపు వాళ్లను చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వెళ్లి అందరికన్నా వెనక కూర్చున్నాడు. కాసేపటికి కొంచెం కొంచెంగా జరిగి, హార్మోనియం వాయించే ఆయనకు దండం పెట్టి, సైగతో అడిగి, ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. సాంచె మీద ఆనించినట్టే. కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. చివరికి గొంతు వచ్చింది, చాలా చిన్నగా. శ్రుతి లేదు గానీ తాళం ఎక్కడా తప్పలేదు. ఎవరూ నవ్వలేదు. ఆయన చెంపల మీద నీళ్లు కారుతూనే ఉన్నాయి.

దిగి వస్తుంటే చెప్పాడు. "అడుగుదామని పోయిన బిడ్డా. ఆయన ముందర నిలవడ్డంక అడగ బుద్ధి కాలే. ఇన్నొద్దులు నేను ఆయనకు పాడుతున్ననని అనుకున్న. నా గొంతు నేనే ఇనుకుంట మురిసిన. గిప్పుడు నా పాట నాకు ఇనవడది. గిదొక్కటే నిజంగ ఆయనది."

ఆ శనివారం ఆయన గుడికి వెళ్లాడు. అందరూ లేచి ఆయనకు ముందు చోటు చూపించారు. ఆయన పోలేదు. సత్తయ్యను రెక్క పట్టుకుని తీసుకెళ్లి ఆ చోట కూర్చోబెట్టాడు. "నువ్వు పాడు సత్తెయ్యా. నేను ఎనుక కూసోని నీ ఈపు మీద చెయ్యి ఆనిచ్చుకుంట. నేను తాళం దప్పితె మోచేత్తోని పొడువు." సత్తయ్య "వద్దన్నా, నాతోని గాదు" అంటూ ఏడ్చేశాడు. బాపు కూడా. రాజవ్వ అరుగు మీద కూర్చుని, "మొగోళ్లు ఏడుసుడు అయినంక భజన షురూ జెయ్యుండ్రి" అని కేకేసింది. ఆ రోజు నుంచి బాపు చోటు వెనక వరసే. ఎవరినీ తిట్టగా నేను వినలేదు.

క్రిస్మస్ దగ్గర పడింది. కోరుట్ల నుంచి మా అమ్మ రమ్మని కబురు మీద కబురు. ఓ సాయంత్రం అరుగు మీద, ఆయనకు కనపడేలా ముఖం తిప్పి అడిగాను. "బాపూ, మళ్లీ ప్రార్థన చేద్దామనే ఉంది. కానీ అటు నుంచి ఏమీ వినపడదే, ఎట్ల చేసేది?" ఆయన నా ముఖంలోకి వింతగా చూశాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు. "నాకు మాత్రం ఇనవడుతుందా బిడ్డా? అయినా పాడుతలేనా?"

పండగకు కోరుట్ల వెళ్లాను. చర్చిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఎవరి పలకరింపులకూ కోపం రాలేదు. మా ఆయన్ని ఎందుకు తీసుకుపోయావని అడగడానికి నోరు తెరిచాను. అడగలేకపోయాను. "ఇదిగో, వచ్చాను" అని మాత్రం అన్నాను. జవాబు రాలేదు. అయినా లేచి వెళ్లిపోవాలనిపించలేదు.

బాపు పోయి కొన్నేళ్లయింది. రాష్ట్రం వచ్చేనాటికి నేను బదిలీ మీద కోరుట్ల వచ్చేశాను; ఆ రోజు వీధిలో డప్పు మీద చెయ్యి ఆనించి, పిల్లల మధ్య చిందులేశాడని రాజవ్వ చెప్పింది. నేను ఇప్పటికీ వెనక బెంచీలోనే కూర్చుంటాను. నా ప్రార్థనకు జవాబులు వచ్చాయని చెప్పలేను. పాట మొదలవగానే ముందు బెంచీ చెక్క మీద అరచెయ్యి ఆనిస్తాను. డోలక్ దెబ్బకు ఆ చెక్క సన్నగా అదురుతుంది. అప్పుడు నేనూ పాడతాను.