మా ఇంటి లైనక్స్ పెట్టె మొరాయించిన ఆదివారం

మా ఇంట్లో ఒక ఫ్యాను తిరుగుతుంటే రెండో ఫ్యాను వెయ్యడానికి వీల్లేదు. ఈ రూలు నాది. పలాస నుంచి కాల్చి గుల్ల తీసిన జీడిపప్పు తెచ్చుకుని, దాని మీద ఎర్రటి పొట్టు ఒలిచి, ఎక్కువ ధర పలికే విరగని గుండ్లు ఒకవైపు, విడిపోయిన బద్దలు ఒకవైపు వేరు చేసి తిరిగి ఇచ్చే పని మాది. ముందుగదిలో ఫ్యాను కింద నేనూ కోడలూ కూర్చుంటాం. ఫ్యాను మెల్లగా తిరిగితే పొట్టు దానంతటదే ఎగిరి గోడవారకి చేరుతుంది, మళ్ళీ చెరగక్కర్లేదు. నా చిన్నప్పుడు అందరూ చేటలతో చెరిగేవాళ్ళు. ఫ్యాను ఉపాయం నాదే, ఆ తరువాతే మా వీధంతా పట్టుకుంది.

మనవరాలి కంప్యూటర్ కూడా ఆ గదిలోనే, గోడవార నేలమీద ఉండేది. అది కొత్తది కాదు. టెక్కలిలో ఎవరో ఆఫీసు ఎత్తేస్తూ అమ్ముకున్న సరుకు. అందులో విండోస్ బదులు లైనక్స్ వేసుకుంటానని మనవరాలు చెప్పినప్పుడు, దానికి డబ్బు కట్టాలా అని మాత్రం అడిగాను. అక్కర్లేదంది. అంతకుమించి నేనేమీ అడగలేదు. నేను బడికి వెళ్ళింది కొద్దికాలమే గాని, ఊరికే వచ్చేదాన్ని వద్దనేటంత తెలివితక్కువదాన్ని కాను.

అది టెక్కలి కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. ప్రాజెక్టు అని ఒకటి చేసి చూపిస్తే గాని డిగ్రీ ఇవ్వరట. జీడిపప్పు ఫోటో చూపిస్తే ఇది గుండు, ఇది బద్ద, ఇది మచ్చపప్పు అని కంప్యూటరే చెప్పాలి, అదీ దాని ప్రాజెక్టు. నేను పప్పు ఏరి నల్లగుడ్డ మీద పెడితే అది ఫోనుతో ఫోటో తీసేది. వేసవి అంతా అదే పని. ఫోటోలన్నీ ఆ పెట్టెలోకే ఎక్కించింది. సోమవారం కాలేజీలో చూపించాలి.

ఆ ఫోటోలు కంప్యూటర్ చేత చదివించడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి దానికి జబ్బు పట్టుకుంది. కాసేపు నడిచి ఠక్కున ఆరిపోయేది. మీట నొక్కితే మళ్ళీ వచ్చేది. మా ఉద్దానంలో గాలి వీస్తే కొబ్బరిమట్ట తీగ మీద పడి కరెంటు పోవడం మామూలే కాబట్టి, మొదట కరెంటునే తిట్టుకున్నాం. కానీ పెట్టె ఆరిపోయినప్పుడు లైటు వెలుగుతూనే ఉండేది.

ఆదివారం పొద్దున్న మీట నొక్కితే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు నాలుగు వరసలు వచ్చి నిలబడిపోయాయి. బొమ్మ లేదు, బాణం లేదు.

"ఒలే, ఏటయినాదే?" అన్నాను.

"లెగనేదు నానమ్మా. డిస్కు మీద రాతలు సెదిరిపోనాయంట. ఊరికూరికే ఆరిపోయింది కదా, అందుకన్నమాట. మనిసే కూకుని సరిసెయ్యాలని రాసున్నాది."

"మరి కూకో. నువ్వు మనిసివి కాదేటి?"

అది నవ్వలేదు. పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ తీసి పెట్టుకుందామని రోజూ అనుకుంటూ తీయలేదట. ఆ డిస్కు పోతే ప్రాజెక్టు పోయినట్టే. సోమవారం చేతులూపుకుంటూ వెళ్ళి సార్ ముందు నిలబడాలి.

సరే అని పెట్టెని దుప్పట్లో చుట్టి ఆటోలో పలాస తీసుకెళ్ళాం. షాపతను ఏసీ కింద బల్లమీద పెట్టి మీట నొక్కాడు. అవే అక్షరాలు.

"లైనక్సా అమ్మా? దీని జోలికి మేమెల్లం. మొత్తం తుడిసేసి విండోస్ ఏసేత్తాను. సాయంత్రానికి పట్టుకెల్లిపోండి."

"తుడిసేత్తే లోపలున్నయి?"

"పోతాయి మరి."

"నాలుగు బద్దలు కలిసాయని బస్తా పారబోత్తామేటి బాబూ?" అన్నాను.

"మీ బస్తా, మీ ఇట్టం" అని నవ్వాడు. మేం మాట్లాడుకుంటున్నంతసేపూ ఆ అక్షరాలు అలాగే వెలుగుతూ ఉన్నాయి. పెట్టెని మళ్ళీ దుప్పట్లో చుట్టి ఇంటికి తెచ్చేశాం.

మనవరాలు ఫోనులో వెతికి వెతికి, చెదిరిన రాతల్ని సరిచేసే ఆజ్ఞ ఏదో పట్టుకుంది. దాన్ని కొట్టగానే కంప్యూటర్ ప్రశ్నలు మొదలెట్టింది. ఇక్కడ తప్పుంది, బాగుచెయ్యమంటావా? అక్కడ తప్పుంది, బాగుచెయ్యమంటావా? ప్రతిదానికీ ఒక మీట నొక్కి అవునని చెప్పాలి. ఆ మీట మీద అక్షరం పంగలకర్రలా ఉంటుంది. ఇంగ్లీషులో నేను నేర్చుకున్న అక్షరం అదొక్కటే. మనవరాలు ఫోనులో చదువుకుంటోంది కాబట్టి నన్ను నొక్కమంది.

"దేనికి ఒప్పుకుంటన్నామే?"

"బాగుసేత్తానంటంది కదా, ఒప్పుకో."

"సదవకుండా ఏలిముద్ర ఏసినట్టున్నాది."

"నొక్కు నానమ్మా, బేగి!"

నొక్కాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ నొక్కాను. ఇంత వినయంగా అడిగి పనిచేసేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరని నాకు దాని మీద కొంచెం గౌరవం కూడా కలిగింది. అంతలో ఠక్కుమని ఆరిపోయింది.

మనవరాలి మొహం పాలిపోయింది. మరమ్మతు మధ్యలో ఇలా ఆగితే ఉన్న రాతలు కూడా చెదిరిపోతాయట. వంటింట్లోంచి కోడలు తొంగిచూసింది.

"ఆ షాపోడికే ఇచ్చీవలసింది అత్తా. అన్నింటికీ నీ పంతమే."

"నీ కూర మాడతన్నాది, ముందు అది సూసుకో" అన్నాను.

మనవరాలు మాత్రం ఏడుపు మింగుకుని ఆలోచనలో పడింది. కాసేపటికి, "షాపుల అంతసేపున్నా ఎందుకారనేదు నానమ్మా? ఇక్కడే ఎందుకారిపోతంది?" అంది.

"ఆడికి బయపడినాదేమో."

"కాదు. ఆడికాడ ఏసీ ఉన్నాది." అని పెట్టె మీద చెయ్యి పెట్టి వెంటనే వెనక్కి లాక్కుంది. నన్నూ పెట్టి చూడమంది. వేడివేడి పెనం మూతలా ఉంది.

తీగ పీకి, మరలు విప్పి పక్కరేకు తీసింది. ఇద్దరం లోపలికి తొంగిచూశాం. మా జీడిపొట్టే! లోపల చల్లబరచడానికి చిన్న ఫ్యాను ఉంటుంది. అది గాలితోపాటు పొట్టునీ పీల్చుకుని, రేకుల సందుల్లో దట్టించుకుని కూర్చుంది. పప్పు జిడ్డుకి అది పిడకలా అంటుకుపోయింది.

"నీ ఉపాయమే నానమ్మా. ఎగిరిన పొట్టు గోడవారకెల్తాదని సెప్తావు కదా, సరిగ్గా అక్కడికే ఎల్లింది."

"గోడవార నేల మీద ఎట్టింది ఎవలు? నువ్వే. బల్ల మీద ఎట్టలేకపోనావా?"

"బల్ల కొన్నావేటి?"

నేను లేచి వెళ్ళి తడిగుడ్డ తెచ్చాను. అది కెవ్వున అరిచి లాక్కుంది, తడి తగలకూడదట. నోటితో ఊదబోతే తుంపరలు పడతాయంది. చివరికి సున్నం వేసే పొడి కుంచె, సైకిల్ పంపు తెచ్చుకున్నాం. కూర దించేసి వచ్చి కోడలు పంపు కొట్టింది, మనవరాలు కుంచెతో గీకింది, నేను రాలిన పొట్టు పోగు చేశాను. పంపు కొట్టినప్పుడల్లా ఎర్రటి దుమ్ము లేచి ముగ్గురం తుమ్మాం. తుమ్ముతూనే కోడలు నవ్వడం మొదలెట్టింది, ఇక ఆపలేదు. "అరకేజీ ఉంటాది అత్తా, తూకానికేసీ!" అంది.

మళ్ళీ తీగ పెడితే ఆ చిన్న ఫ్యాను తిరిగింది గాని కుంటుకుంటూ తిరిగింది. కొత్తది కొందామన్నారు. ముందు పెట్టెలో ప్రాణం ఉందో లేదో తేలనీయండి అన్నాను. పక్కరేకు మళ్ళీ బిగించకుండా, తాటాకు విసనకర్ర తీసుకుని పక్కన కూర్చుని విసరడం మొదలెట్టాను. మనవరాలు ఆ ఆజ్ఞే మళ్ళీ కొడితే, పంగలకర్ర మీట కోడలు నొక్కింది. అది అడుగుతూనే ఉంది, కోడలు ఒప్పుకుంటూనే ఉంది. నా చెయ్యి లాగేస్తున్నా ఆపలేదు. ఆపితే ఆ పిల్ల వేసవంతా పడ్డ కష్టం ఆరిపోతుందని తెలుసు.

ప్రశ్నలు అయిపోయాయి. మనవరాలు ఇంకేదో కొట్టింది. తెర నల్లబడింది.  రంగు వచ్చింది, బొమ్మ వచ్చింది, బాణం వచ్చింది. మనవరాలు గబగబా ఫోటోల డబ్బా తెరిచింది. నల్లగుడ్డ మీద నా గుండ్లు, నా బద్దలు, వరసగా అన్నీ ఉన్నాయి. కొన్ని ఫోటోలు మాత్రం చిరిగిన కాగితాల్లా సగం సగం వచ్చాయి. "అవి పోతే పోనీ, మిగతావి సాలు" అని నా మెడ పట్టుకుని వేలాడింది. "ముందు కాపీ తియ్" అన్నాను. పెన్‌డ్రైవ్‌లోకి ఒకటి, వాళ్ళమ్మ ఫోనులోకి ఒకటి తీసింది. నేను కాపీలన్నీ అయ్యేవరకు విసురుతూనే ఉన్నాను.

ఆ సాయంత్రమే పెట్టెని లోపలిగదిలోకి మార్చాం. అక్కడ కిటికీ ఉంది, ఫ్యాను అవసరం లేదు. ఆ రాత్రి మనవరాలు పక్కనే కూర్చుని, ఆరకుండా ఫోటోలన్నీ దాని చేత చదివించేసింది.

చదివించినదంతా పెన్‌డ్రైవ్‌లో పెట్టించి, సోమవారం పొద్దున్న మనవరాల్ని టెక్కలి బస్సెక్కించాను. పప్పు ఒలుస్తున్నాను గాని చెవి ఫోను మీదే ఉంది. మధ్యాహ్నం మోగింది.

"నానమ్మా, ఐపోనాది! సార్ ఓకే అన్నారు. సారే సొంతంగా పప్పు తెచ్చి ఎట్టినారు. కంప్యూటర్ రెండుసార్లు తప్పు సెప్పింది గాని, మిగతావన్నీ సరిగ్గా సెప్పింది."

"ఏటి తప్పు సెప్పింది?"

"మచ్చపప్పుని మంచిదనీసింది."

"మరి సార్ ఆ పప్పేటి సేసినారు?"

"తినీసినారు నానమ్మా."

"ఐతే మంచిదే. బేగి ఇంటికి రా" అని పెట్టేశాను. కోడలికి విషయం చెప్పి, ఆ పూట ఏరిన వాటిలోంచి ఒక గుప్పెడు గుండ్లు తీసి పాయసంలో వెయ్యమన్నాను. బద్దలు వెయ్యనా అత్తా అని రెండుసార్లు అడిగింది. గుండ్లే అన్నాను.